ఒట్టిగా పెట్టిన బండ

"...కాబట్టి మీదే పూచీ అంటున్నాను. పక్కింటావిడ మా పెరట్లో మురుగు గుంట మీది బండ కదిలి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వాళ్ళాయన వచ్చి నా గుమ్మంలో కూర్చున్నాడు. నేనెవర్ని అడగను?"

"అమ్మా, నేను కట్టేది పైగది. పెరడు నేను ముట్టుకోలేదు."

"మీవాళ్ళు పదిహేను రోజులుగా ఇసక మోస్తున్నది ఆకాశంలోంచా?"

ఇంటావిడ కాంట్రాక్టరును కడిగేస్తోంది. గేటు బయట నిలబడ్డ బండల మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. సంగతి తెలిసి, ఈ తమాషా చూద్దామనే వచ్చాడు.

కాంట్రాక్టరు ఇతని తోడల్లుడే, మరదలి మొగుడు. తాపీ పట్టడం ఇతని దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కాకి సిమెంటు అంటకుండా పని చేయిస్తాడు. అత్తగారింటికి ఇద్దరూ వెళ్తే అతనికి చేతుల కుర్చీ, ఇతనికి స్టూలు.

మేస్త్రీ పనికి మాత్రం వంక పెట్టలేరు. బండలన్నీ సిమెంటుతో కూర్చి, మురుగు గుంట మీది ఆఖరి బండని ఒట్టిగా పెట్టేవాడు. రెండు రోజులు నీళ్ళు పారించి, వాలు కుదిరిందని తేలాకే అతికేవాడు. అందాకా ఎవరూ కాలు పెట్టకుండా దాని మీద తన ఇనప తట్ట బోర్లించేవాడు. ఈ పెరట్లోనూ అంతే చేశాడు. కానీ రెండో రోజు, పైగది పని తోడల్లుడికి ఇచ్చామని ఇంటావిడ అనేసరికి ఒళ్ళు మండి, తట్ట చంకన పెట్టుకుని పోయాడు. మళ్ళీ ఇటు తొంగిచూడలేదు.

"బండలు వేసింది మీ అన్నయ్యగారేగా. ఆయన్ని పిలవనా?" అంటోంది ఇంటావిడ.

"వద్దమ్మా. అన్నయ్య వేసిన బండ కదలదు. మావాళ్ళ తోపుడుబండి తగిలి లేచుంటుంది. సరే, పూచీ నాదే. పాపం, ఆయన్ని ఇందులోకి లాగకండి."

ఆ 'పాపం' మేస్త్రీకి కాల్చి వాత పెట్టినట్టయింది. పని పోయింది, కుర్చీ పోయింది, చివరికి తన తప్పు కూడా వీడే ఎత్తుకుపోతున్నాడు.

గేటు తోసుకుని లోపలికి నడిచాడు.

"రా అన్నయ్యా, నువ్వెందుకు..."

"నువ్వుండవయ్యా." ఇంటావిడ వైపు తిరిగాడు. "ఆ బండ అతకకుండా, తట్ట తీసుకుని పోయింది నేనమ్మా. ఆవిడ చెయ్యి బాగయ్యేదాకా ఆస్పత్రి ఖర్చు నాది. వాళ్ళాయనకి నేనే చెప్తాను, పదండి."