నేను ఏరేసిన చుక్కలు

తెలుగు, హిందీ కలిసే సరిహద్దు ఊరు కోంటాలో మాది చింతపండు దుకాణం. తీరిక దొరికితే నేను దూరపు గ్రహాలకు చందమామలు వెతుకుతాను. గ్రహం తన నక్షత్రానికి అడ్డం వస్తే వెలుగు కాస్త తగ్గి, ఒక్కో కొలతకు ఒక్కో చుక్క పెట్టిన గ్రాఫులో పల్లం పడుతుంది. దాని పక్కన ఇంకా చిన్న పల్లం ఉంటే చందమామ ఉందేమోనని ఆశ. టెలిస్కోపు లెక్కలు ఇంటర్నెట్‌లో ఎవరైనా తీసుకోవచ్చు.

పోయిన ఏడాది అలాంటి పల్లం నాకు దొరికింది. జగదల్‌పూర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే తెలుగమ్మాయికి చూపించాలని బస్సెక్కి పోయాను.

"అన్నా, మీరు ముట్టుకోని అసలు ఫైలు పంపండి. చూస్త" అంది.

అంతే. టీ తాగుతారా అని కూడా అడగలేదు. నా తర్వాత వచ్చినవాళ్లకు కుర్చీ వేసింది. కొట్టువాడికి చందమామలెందుకని ఆమె అనుకున్నట్టు తోచింది. ఫైలు పంపలేదు. నా పనిని కాజేయాలని చూస్తోందని ప్రిన్సిపాల్‌కు రెండు పేజీల షికాయత్, అంటే ఫిర్యాదు, రాశాను. ఆమెది ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. షికాయత్ తేలేదాకా పొడిగింపు ఆపారని తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం కొట్లో మా ఆవిడ చింతపండులో గింజలు తీస్తోంది. పక్కనే నేను కంప్యూటర్లో మరో నక్షత్రం చుక్కలు ఒక్కొక్కటే తీసేస్తున్నాను.

"ఏందయ్యా, నువ్వు గూడ గింజలేరుతున్నవా?"

"చెత్త చుక్కలే. తీసేస్తేనే గ్రాఫు సాఫ్‌గ ఉంటది."

"చెత్తని నీకెట్ల తెలిసె? నేనైతే గింజను చేత్తో పట్టి చూస్త."

పోయిన ఏడాది పల్లం దొరికిన నక్షత్రం లెక్కలు మళ్లీ దించుకుని, ఒక్క చుక్క తీయకుండా గీశాను. గ్రహం పల్లం ఉంది. పక్క పల్లం లేదు. అక్కడ పైనున్న చుక్కలన్నీ నేనే ఏరేశాను, కిందివే మిగిలాయి. అసలు ఫైలు ఆమె అడిగింది ఇందుకే.

షికాయత్ వెనక్కి తీసుకుంటూ అర్జీ రాశాను. 'ఆనాడు టీ అడగకపోయినా' అని మొదలుపెట్టి, కొట్టేసి, మళ్లీ రాశాను. జగదల్‌పూర్‌లో ఆమె దాన్ని నిలబడే చదివింది.

"ఇది చాలదన్నా. రెండు గ్రాఫులూ జత చేయండి. లేకుంటే మీరు జాలిపడి వదిలేసిన్రనుకుంటరు."

కాలేజీ ఎదుట జిరాక్సు దుకాణంలో రెండూ తీయించి, చందమామ ఉన్నదాని కింద, లేనిదాని కింద నా సంతకం పెట్టాను. ప్రిన్సిపాల్ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. పొడిగింపు కాగితం పై ఆఫీసుకు పంపుతానన్నాడు.

బయటికొచ్చాక ఆమె, "టీ తాగుతరా అన్నా?" అంది.

వద్దన్నాను. ఆమె మొహం చూడలేక బస్టాండు దారి పట్టాను.