ఫోన్లో విన్న ఊపిరి

ఒకామె ఫోన్లో అడిగిన మాటకు నేను జవాబు చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఆ జవాబు నా లోపలే ఉంది, అరగదు, బయటికి రాదు. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా తిన్నగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తిరుపతిలో ఒక మిద్దె మీద ఆడవాళ్లకు వ్యాయామం నేర్పేదాన్ని. మద్రాసులో నేర్చుకొచ్చిన పిలాటిస్. చాప మీద పడుకుని, కాళ్లూ నడుమూ నెమ్మదిగా కదిలిస్తూ, ప్రతి కదలికకూ ఊపిరి జత చేయాలి. ముక్కుతో పీల్చి నోటితో వదలాలి. ఊపిరి సరిగా ఉంటే పని సరిగా జరుగుతున్నట్టే. ఇది గుర్తుంచుకోండి, నా పాపమంతా ఇక్కడే ఉంది.

సుగుణ వడమాలపేట నుంచి బస్సులో వచ్చేది. రైతుల ఇంటి కోడలు. నడుము పైన సన్నగా ఉండేది. నడుము కింద నుంచి చీలమండల దాకా కాళ్లు లావుగా, బరువుగా ఉండేవి, పాదాలు మాత్రం మామూలే. వేలు తగిలినా నొప్పి, ఊరికే కమిలిపోయేవి. తక్కినవాళ్లు బోదకాలన్నారు, అంటుకుంటుందన్నారు. ఆమె పక్కన చాప వేయలేదు. ఇద్దరు మానేశారు కూడా. వాళ్ల నోరు మూయించాల్సింది నేను. దానికి బదులు, "బస్సులో ఎందుకు సుగుణా అవస్థ? ఇంట్లోనే చెయ్యి, ఫోన్లో చెబుతాను" అన్నాను. నా మంచితనానికి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఛీ!

మధ్యాహ్నం ఇంట్లోవాళ్లు చేనికి పోయాక, స్పీకరు నొక్కి, ఫోను పక్కన చాప మీద పడుకునేది. నేను చెప్పేదాన్ని, ఆమె చేసేది. మోకాలు ఎటు వంగుతోందో, ఎక్కడ నొప్పి పుడుతోందో నాకు కనిపించదు. ఎదురుగా ఉంటే మడమ కింద చెయ్యి పెట్టి ఆపేదాన్ని. కానీ ఊపిరి వినిపించేది. మిద్దె మీద నా కళ్లముందు చేసేవాళ్లలో ఒక్కరూ అంత శ్రద్ధగా చేసి ఎరగరు.

అయినా కాళ్లు తగ్గలేదు. "నొప్పి తగ్గిందక్కా" అనేది. నొప్పి తగ్గడం ఎవరికి కావాలి? 'తప్పక సన్నబడతారు' అని బోర్డు రాయించుకున్నదాన్ని నేను.

ఒకరోజు వాళ్ల అత్త ఫోను చేసింది.

"నిజం చెప్పమ్మా. ఇది చేస్తా ఉండాదా, ఆ ఫోను కాడ పండుకోని నిద్రపోతా ఉండాదా? కాళ్లు సూస్తే అట్నే ఉండాయి. ఇట్లయితే పుట్టింటికి పంపించేస్తానని మావోడు అంటా ఉండాడు."

చేస్తోందమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె పక్షాన సాక్షి అంటూ ఉంటే నేనొక్కదాన్నే. కానీ చేసినా తగ్గలేదంటే నా విద్య ఏం కావాలి? నా బోర్డు ఏం కావాలి? అంత చిన్న సంగతి కోసమేనా? అవును, అంత చిన్న సంగతి కోసమే.

"నాకు ఫోన్లో ఏం కనపడతాదమ్మా? చేసుంటే తగ్గుండాల గదా" అన్నాను.

మర్నాడు సుగుణ ఫోను చేసింది. తిట్టలేదు. నోట్లో నాలుక లేని మనిషి.

"అక్కా, నువ్వు రోజూ ఇన్నావు గదా?"

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఫోను పెట్టేశాను.

తర్వాత ఫోనుకు తాళం వేశారట. దొంగతనంగా తింటోందని అన్నం కుండ కూడా అందకుండా పెట్టారట. చివరికి ఐరాలలో పుట్టింట్లో దించేసి వచ్చారట, మళ్లీ తీసుకుపోలేదట. సోమరిది, అబద్ధాలకోరు అని పేరు. ఆ టీచరమ్మే చెప్పిందని అత్త ఊరంతా చెప్పుకుందని వడమాలపేట నుంచి వచ్చే ఇంకొకామె నాతోనే అంది. నేను తల ఊపాను.

ఎన్నో ఏళ్లకు మద్రాసులో ఒక శిక్షణలో డాక్టరమ్మ ఆ కాళ్ల గురించే చెప్పింది. లిపెడిమా అట. అంటురోగం కాదు. కడుపు మాడ్చుకున్నా ఆ కొవ్వు కరగదు. వ్యాయామంతో నొప్పి తగ్గొచ్చు కానీ కాళ్లు సన్నబడవు. ఆ జబ్బు అప్పట్లో నాకు తెలియదు కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! జబ్బు తెలియదు, నిజమే. ఊపిరి తెలుసు కదా?

ఒకసారి ఐరాల దాకా వెళ్లాను. బస్సు దిగి, అక్కడే నిలబడి, వచ్చిన బస్సే ఎక్కి తిరిగొచ్చాను. జబ్బు పేరు చెప్పి ఆమె చేత ఓదార్పు పొందాలని పోయానని దారిలో అర్థమైంది.

మీరు నన్ను క్షమించవద్దు, అది మీ చేతిలోది కాదు. పోయిన సంసారం ఈ మాటలతో రాదు. ఆమెకు చెప్పని జవాబు మాత్రం ఇవాళ బయటికి వస్తోంది, అంతే.

విన్నాను సుగుణా. రోజూ విన్నాను. నువ్వు చేశావు.