ఎదురుగాలికి గీసిన దారి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడంటే తెలిసినవాటిని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నాను గానీ, ఇరవై ఏళ్ళ వయసులో, దేశం తలుపులు తెరిచిందని అందరూ చెప్పుకుంటూ వీధికొక ఎస్టీడీ బూత్ వెలుస్తున్న ఆ కొత్తలో, నేను సర్వజ్ఞుణ్ణి. తమిళనాడులోని గుడియాత్తంలో మా నాయన మేస్త్రీ. ఆయన కట్టే ఇళ్ళను ముందు కాగితం మీద గీసే చదువు నేను చదివాను కాబట్టి ఇంట్లో నా మాటకు ఎదురు లేదు (ఉండేది, నాకు వినిపించేది కాదు). రోజూ పొద్దున బస్సెక్కి వేలూరు వెళ్ళి, పెద్దాసుపత్రి ఎదురు సందులో ఒక లాడ్జి కింద ఉన్న ప్లాన్ల దుకాణంలో కూర్చునేవాణ్ణి. పై గదుల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రోగులు నెలల తరబడి ఉండేవారు. వాళ్ళలో తెలుగువాళ్ళకు అరవం రాదు. డాక్టరు దగ్గరికైనా మందుల షాపుకైనా మాట సాయానికి నన్ను వెంటబెట్టుకుని పోయేవారు. ఆ గొప్ప కూడా నా తలకెక్కింది.

సరంగు తాత అలాగే పరిచయమయ్యాడు. భీమిలి వైపు మనిషి. వయసులో ఉండగా తెరచాప పడవ నడిపి ఉప్పూ కలపా మోసినవాడు. కడుపులో గడ్డ అని కూతురు తీసుకొచ్చింది. మార్గళి నెల (అంటే ధనుర్మాసం) మొదట్లో ఒకనాడు గోడ పట్టుకుని మెల్లగా కిందికి దిగి, నా బల్ల ముందు కూర్చున్నాడు.

“ఇళ్ళకేనా బాబూ, దారులక్కూడా ప్లాను గీస్తావా?”

“యాడికి దావ తాతా?”

“మద్రాసు కాడినుంచి మా ఊరికి. సముద్రం మీద, చాపెత్తుకుని పోవాల. గాలి ఈశాన్యం నుంచి కొడతంది. మనకి ఎదురు. ఎప్పుడు బయల్దేరాల, ఎక్కడ తిరగాల, అంతా కాయితం మీద ఉండాల.”

ఇంత చిన్న పనికి ఇన్ని మాటలెందుకని, అట్లాసు చూసి తీరం గీసి, స్కేలు పెట్టి మద్రాసు నుంచి భీమిలికి ఒక్క గీత లాగి ఇచ్చాను. తాత ఆ గీతను చాలాసేపు చూసి, “ఏటి బాబూ, గోడ కడతన్నావా?” అన్నాడు. ఎదురుగాలిలో పడవ తిన్నగా పోదట. ఏటవాలుగా నడిసముద్రం వైపు పోయి, అక్కడ చాప తిప్పి, మళ్ళీ ఏటవాలుగా ఒడ్డు వైపు రావాలట. “ఇంతేనా!” అని నాకు తెలిసిన పద్ధతిలో నేను గీశాను. వరసగా మెట్లు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు. తాత కడుపు పట్టుకుని నవ్వాడు, మరుక్షణం నొప్పితో మూలిగాడు. “నీ మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి. పాత చాప, గాలికెదురు అంత ఎక్కనేదు. కాస్త పడుకోబెట్టు.”

అలా రోజూ పని సాగింది. తెల్లవారుజామున నేలమీదినుంచి గాలి వీస్తుంది కాబట్టి ఆ వేళకు ఒడ్డు దగ్గర ఉండాలి, పొద్దెక్కాక లోపలికి పోవాలి. కృష్ణ, గోదావరి సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బలుంటాయి, వాటికి బాగా ఎడంగా పోవాలి. తాత వేలితో చూపించేవాడు, నేను చెరిపి గీసేవాణ్ణి. ఒక ఆదివారం ఆ కాగితం ఇంటికి తీసుకుపోతే మా నాయన కంటపడింది.

“ఏందిరా ఇది? ఎవురికి ఇన్ని మెట్లు?”

“ఒక తాతకు నాయనా.”

“ముసిలాయనకా! నడుమ కూర్చునేదానికి యాడన్నా జాగా ఉండాదా? కొంజెమన్నా బుద్ధి ఉండల్ల.”

మరునాడు ఆ మాట చెప్తే నవ్వుతాడనుకున్నాను. తాత నవ్వలేదు. “మీ అయ్య సెప్పింది నిజమే. బందరు కాడ ఒక రోజు ఆగుదాం,” అన్నాడు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. గాలి ఎన్నాళ్ళిలా ఎదురు కొడుతుందని అడిగితే, మాసి నెలలో (అంటే మాఘంలో) దక్షిణానికి తిరుగుతుందన్నాడు. “అట్లయితే ఈ తంటా అంతా ఎందుకు తాతా? మాసిలో బయల్దేరితే గాలే మోసుకోని పోతాది కదా!” అన్నాను. ఇన్నేళ్ళు పడవ నడిపినవాడికి తట్టనిది నాకు తట్టిందని పొంగిపోయి, లాడ్జి అంతా చెప్పుకున్నాను. మాసి నెల ప్రయాణానికి నల్లసిరాతో కొత్త ప్లాను గీసి పైకి తీసుకువెళ్ళాను. తాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, “బాగుంది బాబూ. శానా బాగుంది,” అన్నాడు.

కూతురు నా వెనకాలే వరండాలోకి వచ్చింది. “మా అయ్యకి మాసి ఎక్కడిది బాబూ? పుష్యం దాటడం కష్టమన్నారు డాక్టర్లు. పడవ ఎప్పుడో విప్పీసి కలప అమ్మీసినాం. నీ కాడ కూకున్నంతసేపూ నొప్పి మరిచిపోతన్నాడని ఊరుకున్నాను,” అంది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వారానికి వాళ్ళు ఊరికి బయల్దేరారు. కాట్పాడి స్టేషన్లో తాతను నేనే ఎత్తుకుని రైలెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, అరక్కోణం దాకా తోడు వెళ్ళాను. రైలు వేగం అందుకున్నాక ఆయన చెయ్యి బయటపెట్టి గాలి చూశాడు. “ఎదురుగాలికి ఒక్క మలుపూ నేకుండా పోతంది. ఇది మోసం బాబూ,” అన్నాడు.

తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, భీమిలి ముద్రతో దుకాణానికి ఒక కార్డు వచ్చింది. తెలుగులో ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మాకు చదవడం రాదు, బడిలో నేర్చుకున్నది అరవం. చదివిపెట్టేవాళ్ళు పైన లాడ్జి నిండా ఉన్నారు. అయినా అందులో ఏముంటుందో నాకు తెలుసు కదా (సర్వజ్ఞుణ్ణి). మరొకరి నోట ఆ చావు కబురు వినలేక, నేనే నేర్చుకుని చదువుతానని కార్డును సొరుగులో పెట్టాను. వేలూరు బస్టాండులో చిత్తూరు, తిరుపతి బస్సుల బోర్డులు చూసి ఒక్కొక్క అక్షరం పట్టాను. ఆడి నెల (అంటే ఆషాఢం) వచ్చేసరికి, వేలు పెట్టుకుని, కార్డు చదవగలిగాను.

“బాబుకి, అయ్య బాగున్నాడు. ఇంటికొచ్చాక గంజి తాగుతున్నాడు. రోజూ ఒడ్డున కూర్చుంటున్నాడు. మాసిలో గాలి తిరిగేది నీకు చూపిస్తాడట, నిన్ను రమ్మంటున్నాడు. తప్పకుండా రా.”

మరునాడే రైలెక్కాను. కూతురు తలుపు తీసింది. “గాలి తిరిగినాకే పోయినాడు. నీ కోసం రెండు వారాలు సూసినాడు. ప్లాన్లు గీసే మనిషి, పనుంటదిలే అన్నాడు,” అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నన్ను ఓదార్చి అన్నం పెట్టింది.

ఇప్పుడు ఏ కాగితం వచ్చినా గేటు దగ్గరే నిలబడి చివరిదాకా చదివేస్తాను, కరెంటు బిల్లయినా సరే. “అంత తొందరేంది, లోపలికొచ్చి చదవరాదా?” అని నా భార్య నవ్వుతుంది. నేనూ నవ్వి, చదవడం పూర్తయ్యాకే లోపలికి వెళ్తాను.