ఒంటి చేత్తో కట్టిన ఊరు

మా బావ మాటెత్తితే చాలు, ఇప్పటికీ నా నోరు చేదెక్కుతుంది. మనిషి చెడ్డవాడా అంటే, కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, వీధిలో ఎవరితోనూ మాట పడడు. సబ్బుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ముప్ఫై ఏళ్లుగా వేలు చూపించి పని చేయించడమే ఆయన ఉద్యోగం. ఆ వేలు ఇంటికొచ్చాక కూడా ముడుచుకోదు, అదీ నా బాధ.

ఆయనకి బొమ్మ రైళ్ల పిచ్చి. బొమ్మ అంటే మళ్లీ కోపం, నమూనా అనాలట! మేడ మీద పెద్ద గది, ఇరవై అడుగుల పొడవు, పద్నాలుగు వెడల్పు. ఆ ఇంట్లో గాలీ వెలుతురూ సరిగ్గా ఉన్నది ఆ ఒక్క గదికే. దాని గోడల చుట్టూ నడుమెత్తు బల్లలు, వాటి మీద పట్టాలు, రెండు స్టేషన్లు, ఒక వంతెన, ఒక ఊరు, మూలన పెద్ద కొండ. మొత్తం పదకొండేళ్ల పని. ఆ గదిలో ఉండాల్సిన మా అక్క కుట్టు మిషను మాత్రం బాత్రూం పక్క నడవలోకి పోయింది. వీధిలో అందరూ ఆయన్ని స్టేషన్ మాస్టర్ అంటారు. ఆ మాట వింటే ఆయన మొహం చాటంత అవుతుంది.

బల్లలు కొట్టింది నేను. వడ్రంగిని, పైగా బావమరిదిని, ఇంకేం కావాలి! మొదటి రోజే చెప్పాను.

"బావా, బల్ల మీదుగా మనిషి చెయ్యి రెండున్నర అడుగులు అందితే గొప్ప. మూలన కొండ ఇంత లోతుగా పెట్టి, దాంట్లో సొరంగం పెట్టి, లోపల బండి పడిపోతే ఎవరు తీస్తారు?"

"నువ్వు కొట్టరా. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు.

చూసుకున్నాడు పాపం! సొరంగం లోపల పట్టా వంపు తిరుగుతుంది. సరిగ్గా ఆ వంపులోనే పెట్టెలు పట్టా తప్పుతాయి. చివరికి కొండ కింద బల్లలో అడుగుంపావు కంత కోశాను. కొండ శిఖరమే దానికి మూత. బల్ల కింద మోకాళ్ల మీద పాకి, కంతలోంచి లేచి, తలతో మూత ఎత్తి, సొరంగంలో చెయ్యి పెట్టి పడిపోయిన పెట్టెను మళ్లీ పట్టా మీద నిలబెట్టాలి. మా బావ పొట్ట ఆ కంతలో పట్టలేదు. మా అక్క పట్టింది.

"ఏమే! బండి ఆగింది, దూరు!"

పదకొండేళ్లుగా ఆ ఇంట్లో ఇదే కేక. అక్క ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నా సరే, సూదిలో దారం ఎక్కిస్తున్నా సరే, లేచి వెళ్లి దూరాల్సిందే. ఆవిడ బట్టల కొట్టుకి కాజాలు కుడుతుంది. రోజుకి వంద చొక్కాలు. మోకాళ్లు అరిగాయి కానీ నోరు మాత్రం లేవలేదు. నోట్లో నాలుక లేని మనిషి మా అక్క.

ఇక చెట్లు. ఆ కొండ మీద, ఊళ్లో, పట్టాల పక్కన పన్నెండు వందల చెట్లున్నాయి. ఒక్కటి కూడా కొన్నది కాదు. సన్న తీగలు మెలేసి కొమ్మలు చేసి, జిగురులో ముంచి, రంగు కలిపిన రంపపు పొట్టు అద్ది, నీడలో ఆరబెట్టి అక్క చేసినవి. పొట్టు నా కొట్లోదే. నేను ఎప్పుడు వెళ్లినా చేతిలో డబ్బా పెట్టి, "తమ్ముడూ, సన్నది చూసి తేరా. ముతకది చిగురులా కనపడదు," అనేది. ఆ చెట్ల సంగతి మాట్లాడుతుంటే ఆవిడ మొహంలో వెలుగు వచ్చేది. అంతకు మించి ఆవిడ దేన్ని గురించీ అంత ఇష్టంగా మాట్లాడగా నేను వినలేదు.

పోయినేడు చిన్న రైళ్ల సంఘం వాళ్లు పోటీ పెట్టారు. ఇంటికే వచ్చి చూసి మార్కులు వేస్తారట. ఎంపికైన వాటి ఫోటోలు సంఘం హాల్లో పెడతారు, కింద ఒక అట్ట మీద చేసినవాళ్ల పేరు రాస్తారు. ఈ సంగతి తెలిసిన రోజే అక్క బావని అడిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నోరు విప్పి ఏమైనా అడగడం నేను విన్నది అదే.

"ఏమండీ, ఆ అట్ట మీద నా పేరు కూడా రాస్తారా?"

"చూద్దాంలే," అన్నాడు బావ.

ఆ చూద్దాంలే పట్టుకుని అక్క మూడు వారాలు కూర్చుంది. కిటికీ పక్క చెట్లు ఎండకి వెలిశాయని పీకి, మళ్లీ రంగు వేసి నాటింది. బట్టల కొట్లో అందరికీ చెప్పుకుంది, నా పేరు హాల్లో పెడతారు, వచ్చి చూడండి అని.

పోటీ వాళ్లు వచ్చే రోజు బావ నాకు ఫారం చూపించాడు. రెండు గడులున్నాయి. ఒకటి 'ఒక్కరే చేసినది', దానికి కప్పు, పత్రికలో ఫోటో. రెండోది 'ఇంటిల్లిపాదీ చేసినది', దానికి ఒక కాగితం ముక్క. మొదటి గడిలో టిక్కు పెట్టి ఉంది.

"ఇదేంటి బావా? మరి అక్క?"

"అదేముందిరా, సాయం చేసింది. సాయం అందరూ చేస్తారు. నువ్వూ బల్లలు కొట్టావు, నీ పేరు రాయమన్నావా? వాళ్ల ముందు నోరు మూసుకో, చాలు."

ఒళ్లు మండిపోయింది. కానీ మూసుకున్నాను. ఇంటల్లుడు, అక్క కాపురం, గొడవ ఎందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఛీ, ఆ రోజు తలచుకుంటే సగం అసహ్యం నా మీద నాకే.

ఇద్దరు వచ్చారు. సంఘం అధ్యక్షుడు ఒక రిటైరైన పళ్ల డాక్టరు, ఆయన వెంట ఒక లెక్కల టీచరమ్మ. డాక్టరు భూతద్దం పెట్టి ఇంజన్ల చక్రాలు చూశాడు. టీచరమ్మ మాత్రం కొండ దగ్గరే నిలబడిపోయింది.

"ఈ చెట్లు అద్భుతం అండీ. ఎలా చేశారు?"

"ఓపికండీ, ఓపిక," అన్నాడు బావ.

"అది సరే, ఏ తీగ వాడారు?"

"తీగే... మామూలు తీగ."

అక్క టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అన్నీ వింది. బావ అటు చూడలేదు. నీళ్లు నములుతూ, "అంతా నేనే అండీ, ఒంటి చేత్తో," అన్నాడు. టీచరమ్మ రాసుకుంది.

అప్పుడు బావ తన గొప్ప చూపించడానికి ఇరవై రెండు పెట్టెల గూడ్సు బండి వదిలాడు. వంతెన దాటింది, స్టేషన్ దాటింది, సొరంగంలోకి పోయింది. బయటికి రాలేదు.

బావ తల కూడా తిప్పకుండా, పదకొండేళ్ల అలవాటు కొద్దీ, గట్టిగా కేకేశాడు.

"ఏమే! బండి ఆగింది, దూరు!"

టీచరమ్మ పెన్ను ఆగిపోయింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క పళ్లెం స్టూలు మీద పెట్టి, చేతులు పైకి మడుచుకుని, బల్ల కిందకి పాకింది. కాసేపటికి కొండ శిఖరం లేచి, చెట్ల మధ్య ఆవిడ తల కనపడింది. కిందకి చూడకుండానే సొరంగంలో చెయ్యి పెట్టి, తడిమి పెట్టెను ఎక్కించి, "ఆ, వదలండి," అంది. బండి బయటికి వచ్చింది.

"అమ్మా," అంది టీచరమ్మ మెల్లగా, "ఈ చెట్లు మీరా చేసింది?"

అక్క బావ వంక చూసింది. బావ నవ్వాడు.

"అప్పుడప్పుడు దుమ్ము దులుపుతుందండీ."

దుమ్ము! పన్నెండు వందల చెట్లు చేసిన మనిషిని పట్టుకుని, దుమ్ము దులుపుతుందట!

"అన్నీ మా అక్కే చేసింది," అన్నాను. ఎట్టకేలకు నోరు పెగిలింది. "తీగ పాత మోటారు చుట్టలోంచి విప్పింది. పొట్టు నా కొట్లోది. కావాలంటే ఆవిణ్ణే అడగండి."

డాక్టరు మంచివాడే. గొడవ చెయ్యలేదు. ఫారం బావ ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు. "పర్లేదండీ, రెండో గడిలోకి మార్చేద్దాం. ఇక్కడ మీ ఆవిడ పేరు రాయండి, అంతే."

బావ పెన్ను పట్టుకున్నాడు. అక్క ఇంకా కొండలోనే నిలబడి ఆ పెన్ను వంకే చూస్తోంది. ఒక్క పేరు, అంతే కావలసింది. బావ పెన్ను తిరిగి ఇచ్చేసి, ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో తోసుకున్నాడు.

"ఈ ఏటికి వద్దులెండి. వచ్చే ఏడు చూద్దాం."

వాళ్లు టీ తాగకుండానే వెళ్లిపోయారు. గేటు చప్పుడు ఆగీ ఆగకముందే బావ నా వైపు తిరిగాడు.

"ఏరా, ఆ కంత పెద్దది చెయ్యి. నేను పట్టేంత. వచ్చే ఏడు నాకు ఎవరి అవసరమూ ఉండకూడదు."

చేతిలో సుత్తి లేకపోబట్టి సరిపోయింది. "నేను కొయ్యను," అన్నాను.

"కొయ్యరా తమ్ముడూ," అంది అక్క. గొంతులో ఏడుపు లేదు. నడవలోంచి టేపు తెచ్చి బావ పొట్ట చుట్టూ తనే కొలత తీసి, నాలుగు అంగుళాలు వదులు కలిపి నాకు చెప్పింది.

కోశాను. రంపపు పొట్టు నేల మీద మెత్తగా, సన్నగా, సరిగ్గా ఆవిడకి కావలసినట్టే పడింది. బావ వెంటనే బల్ల కిందకి పాకి, ఆయాసపడుతూ కంతలోంచి లేచాడు. ఆయన భుజాలు తగిలి కొండ మీద పాతిక ముప్ఫై చెట్లు విరిగి రాలాయి. అక్క చీపురు తెచ్చి పొట్టంతా ఊడ్చి, డబ్బాలో కాకుండా చెత్తబుట్టలో పోసింది.

కొండ మీంచి తల ఊపుతూ బావ అరిచాడు. "అయ్యో, అదేంటే పారేస్తున్నావు? విరిగిన చెట్లు మళ్లీ చెయ్యాలిగా!"

"ఎవరు చేస్తారు?" అంది మా అక్క.