బూట్లతో మగ్గం గుంతలోకి

సెలవురోజని గండికోట చూసి, తిరిగొస్తూ ఓ ఆరుబయలు మ్యూజియంలో ఆగాం. అక్కడ గుంత మగ్గం పెట్టారు. ఒకాయన బూట్లతోనే ఆ గుంతలో దిగి కూర్చుని ఫోటోలకు నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

గంజి వాసనతో, రాట్నం చప్పుడుతో నిద్రలేచిన నా తోటివాళ్లారా, మీ ఇంట్లో ఇది సాగేదా? చీరలు కొనే షావుకారు చెప్పులతో మగ్గం దాకా వస్తే మా అవ్వ ఊరుకోలేదు.

"ఏమప్పా, యాడికొస్తాండావు? అది మాకు అన్నం పెట్టే గుంత. చెప్పులు బయట ఇడ్సిరా."

ఇక్కడ మ్యూజియం మగ్గం మీద తెగి వేలాడుతున్న పోగు ముడేద్దామని చెయ్యి పెట్టానో లేదో, కాపలా మనిషి అరిచాడు.

"ముట్టుకోవద్దని రాసుండాది, కనపళ్లేదామ్మా?"

"చేతులకేనా? ఆయన బూట్లకు లేదా?"

"మెల్లగా మాట్లాడమ్మా. ఈ మ్యూజియం పెట్టించిన సారే ఆయన."