మా సారే మా కంప్యూటర్

తొంభైల్లో మదనపల్లెలో మేము బీఎస్సీ కంప్యూటర్స్ చదివేటప్పుడు ల్యాబులో ఉన్న రెండు మిషన్లూ ఎప్పుడూ రిపేరులోనే ఉండేవి. అందుకని మా సారు తానే కంప్యూటర్ అయ్యేవారు. ప్రోగ్రాంలో మేమేం రాస్తే అది తు.చ. తప్పకుండా చేసేవారు.

ప్రాక్టికల్స్ ముందురోజు నేను బల్ల చుట్టూ తిరగమని రాసి, ఎప్పుడు ఆగాలో రాయడం మరిచాను. గంట కొట్టినా సారు తిరుగుతూనే ఉన్నారు.

ప్రిన్సిపాల్ వచ్చి, "యాల తిరగతాండావప్పా?" అన్నారు.

"ఆగమని ఈ పాప యాడా రాయలేదు సార్."

ప్రిన్సిపాల్ విసుగ్గా మెయిన్ స్విచ్ ఆపేసి వెళ్లిపోయారు. ఫ్యాన్‌తో పాటు సారూ ఆగిపోయారు.

ఉక్కకు తాళలేక మేమే మళ్లీ స్విచ్ వేశాం. ఆయన బయలుదేరిన చోటికే వెనక్కొచ్చి మొదటి చుట్టు నుంచి మొదలుపెట్టారు.

"ఇంతసేపు తిరిగిందంతా ఏమాయె సార్?" అన్నాను.

"సేవ్ చేయమని గూడా నువ్వు రాయలేదు గదమ్మా."