రాగి చెంబులో తరవాణి

పలాస నుంచి టెక్కలి దాకా ఏ ఆకుమడిలో వరి మొలిచినా, ముందు నా చేతి మందు తాగాకే మొలిచేది. సరే, టెక్కలి దాకా అన్నది కాస్త ఎక్కువైంది. నందిగాం దాకా. అదీ కాదంటే మా వీధీ, మా చెల్లెల్ని ఇచ్చిన బావ ఉండే వెనక వీధీ. రెండు వీధులకు విత్తనాల పెద్దని కావడం మాత్రం తక్కువా?

మందు రహస్యం ఇప్పుడు చెప్పేస్తాను. కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి మా వైపు నీళ్ళంటే అందరికీ బెంగే. అందుకే పలాస బజారులో రాగి చెంబు కొనుక్కుని దాంట్లో నీళ్ళే తాగుతాను. మనిషికి మంచిదైతే విత్తనానికి చెడ్డదవుతుందా అనుకున్నాను. గంజి కుండలో పులిసిన తరవాణిని ఆ చెంబులో పోసి మూడు రోజులు కదపకుండా ఉంచేవాణ్ణి. నీరు నీలం కలిసిన ఆకుపచ్చకు తిరిగేది. విత్తనాలు నానబెట్టేటప్పుడు అదే కలపమనేవాణ్ణి.

ఈ ఏడు బావ బకెట్టు పట్టుకుని మరీ వచ్చాడు. దాచుకున్న విత్తనం అంతా ఒకేసారి నానబోస్తున్నాడు. అది పోతే మళ్ళీ వేయడానికి అతని దగ్గర గింజ లేదు.

"బావా, కిందటేడు మందు పల్సగా ఉన్నాది. ఈసారి అసలు సరుకు పొయ్యి."

"అలగే. చెంబులో రెండు మాట్లు నీ కోసమే ఊరేత్తన్నాను" అన్నాను గొప్పగా.

ఈ మాట విన్నది మా మనవరాలు. టెక్కలి కాలేజీలో బోటనీ చదువుతోంది. భారలోహాలు విత్తనాన్నీ లేత మొక్కనీ ఏం చేస్తాయో చూపించమని దానికి ప్రాజెక్టు ఇచ్చారు. చెంబులోకి తొంగి చూసి, "తాతా, నా ప్రాజెక్టు మన వంటింట్లోనే ఉన్నాది" అంది.

మూడు పళ్ళేల్లో తడి గుడ్డ పరిచి వడ్లు పోసింది. ఒకదానికి బోరు నీళ్ళు, ఒకదానికి కుండలో తరవాణి, మూడోదానికి నా చెంబులో తరవాణి. "తేడా వత్తే పులుపు వల్లో రాగి వల్లో తెలవాలి గదా" అని రెండు తరవాణులనూ ఒకేలా పల్చన చేసింది.

నాలుగో రోజుకి మూడు పళ్ళేల్లోనూ మొలకలు ముక్కు బయటపెట్టాయి. నేను వీధిలోకెళ్ళి అరిచాను. బావ వచ్చి రెండు చెంబుల మందూ బకెట్టులో పోయించుకుపోయాడు, మర్నాడు నానబెట్టడానికి.

ఆ మర్నాడు పొద్దున్నే మనవరాలు పిలిచింది.

"మొలకెత్తిందని మురిసిపోకు తాతా. ఏర్లు సూడు."

బోరు నీళ్ళవి తెల్లటి దారాల్లా సాగాయి. కుండ తరవాణివి కాస్త పొట్టి, అయినా తెలుపే. నా పళ్ళెంలో వేర్లు కాల్చి పారేసిన బీడీ ముక్కల్లా గోధుమరంగు కొసలతో ఆగిపోయాయి.

"మరి మొలకెత్తినాయి గదే గుంటా?"

"గింజలో దాసుకున్న తిండితో మొలకెత్తినాయి. తొక్క కొంత కాపాడినాది. ఏరు బయటికొచ్చి తాగింది సూడు, అక్కడ దెబ్బ తగిల్నాది. రాగి మొక్కకీ కావాలి, పిసరంత. పులుపు పోసి నువ్వు చెంబునే కరిగించి తాగించీసినావు."

"మరి మన కిడ్నీలు కూడా..."

"అది నా పళ్ళేలు తేల్సవు తాతా. నాను తేల్సింది ఏర్ల సంగతే. నువ్వు మాత్రం దాంట్లో పులుపు పొయ్యకు."

అప్పుడు గుర్తొచ్చాడు బావ. వెనక వీధికి పరుగెత్తాను. నిజానికి సగం దూరం ఎవరిదో బండి వెనక కూర్చున్నాను. వెళ్ళేసరికి వడ్లు నీళ్ళ గాబులో ఉన్నాయి, బకెట్టు బావ చేతిలో వంగుతోంది.

"పొయ్యకు బావా! ఇత్తనానికి ఇసం!"

"ఏటి బావా, నిన్ననే గదా ఈది దద్దరిల్లీలాగ అరిసినావు! ఇన్నేళ్ళూ పోసినాను, ఏమవనేదు గదా?"

నోరు తెరవక తప్పలేదు. ఇన్నేళ్ళూ నేనిచ్చింది ఉత్త కుండ తరవాణి. ఒక్క చెంబు ఎంతమందికి సరిపోతుంది? రంగు కోసం నాలుగు చుక్కలు కలిపేవాణ్ణి. అసలు సరుకు ఎవరికైనా ఇచ్చింది ఈ ఏడే.

మా చెల్లెలు నడుం పట్టుకుని నవ్వింది. "నాకెపుడో తెల్సన్నియ్యా. మా కుండలో తరవాణే పట్టుకెల్లి మల్లీ మాకే మందని ఇచ్చీవోడివి!"

బావ బకెట్టు దూరంగా పెట్టి, ఉత్త బోరు నీళ్ళలో వడ్లు నానబెట్టాడు. ఆకుమడి పచ్చగా లేచింది. అందులో నా చేయి ఏమీ లేదు. అలా లేకపోవడమే నా గొప్ప.

కాలేజీలో ప్రదర్శన రోజున మనవరాలు మూడో పళ్ళెం ముందు 'మా తాత మందు' అని చీటీ పెట్టింది. వచ్చినవాళ్ళు వేర్లు చూసి ముక్కున వేలేసుకుంటుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ పళ్ళెం పక్కనే నిలబడ్డాను.

"ఆ తాతని నానే" అని అడగనివాళ్ళకి కూడా చెప్పాను.